పాత కారు, గేర్‌బాక్స్ సమస్య: పాఠకుల ప్రశ్నలు – జవాబులు

పాత కార్ల గురించి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒకటే: "గేర్‌బాక్స్‌లో ఏదో చిన్న సమస్య ఉందట, అందుకే తక్కువకి ఇస్తున్నారట. తీసుకోవచ్చా?" తీసుకోవచ్చు. కానీ ముందు ఒక సంగతి తేలాలి. తప్పు గేర్‌బాక్స్ లోపల ఉందా, బయట ఉందా? క్లచ్, కేబుల్, మౌంటింగ్, ఆయిల్, సెన్సర్ లాంటివి బయటి తప్పులు. వాటి ఖర్చు ముందే లెక్క కట్టొచ్చు. గేర్ల పళ్లు, బేరింగులు, సింక్రో రింగులు (గేరు మెత్తగా పడేలా వేగాలను సమం చేసే రింగులు), ఆటోమేటిక్ లోపలి క్లచ్‌లు, వాల్వులు లోపలి తప్పులు. బాక్స్ విప్పేదాకా వాటి ఖర్చు ఏ మెకానిక్కూ కచ్చితంగా తెలియదు. కింది జవాబులన్నీ ఈ తేడా పట్టుకోవడం గురించే.

ప్ర: 2012 మోడల్ చిన్న పెట్రోల్ కారు, మాన్యువల్ గేర్లు, 95 వేల కిలోమీటర్లు తిరిగింది. అలాంటి బళ్లు మా దగ్గర లక్షా ఎనభై వేలు పలుకుతుంటే దీన్ని లక్షా ఇరవైకి ఇస్తామంటున్నారు. రివర్స్ వేస్తే గరగరమంటోంది. మూడు నుంచి రెండుకు దించితే పట్టేసినట్టుంది. "క్లచ్ సెట్ మారిస్తే అంతా సర్దుకుంటుంది" అంటున్నారు. నమ్మొచ్చా? – నెల్లూరు పాఠకుడు

జ: సగం నమ్మండి. మీరు చెప్పినవి రెండు వేర్వేరు తప్పులు కావచ్చు. రివర్స్ సంగతికి క్లచ్ కారణం కావచ్చు గానీ, రెండో గేరు సంగతి క్లచ్‌తో పోకపోవచ్చు.

ముందు రివర్స్. చాలా చిన్న కార్లలో రివర్స్ గేరుకి సింక్రో ఉండదు. పళ్లు పళ్లలో దిగాలంటే లోపలి షాఫ్ట్ పూర్తిగా ఆగి ఉండాలి. ఇంజన్ ఐడిల్‌లో ఉంచి, బండి కదలకుండా, క్లచ్ చివరిదాకా తొక్కి అయిదు లెక్కపెట్టండి. అప్పుడు రివర్స్ వేయండి. సద్దు లేకుండా పడితే క్లచ్ బాగానే విడుస్తోంది, నడిపేవారి తొందర వల్లే ఆ శబ్దం. అయిదు లెక్కపెట్టాక కూడా గరగరమంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదు. కేబుల్ సాగి ఉండొచ్చు, హైడ్రాలిక్ క్లచ్ అయితే సిలిండర్ కారుతుండొచ్చు, ప్రెషర్ ప్లేట్ అరిగి ఉండొచ్చు. అన్నీ బయటి తప్పులే. ఇంకో పరీక్ష: ఇంజన్ ఆపేసి అన్ని గేర్లూ వేసి చూడండి. ఆపినప్పుడు హాయిగా పడుతూ, స్టార్ట్ చేశాక బిగుసుకుంటే అది క్లచ్. ఆపినా బిగుతుగానే ఉంటే గేర్ కేబుల్ దగ్గరో, లోపలి సెలెక్టర్ దగ్గరో ఉంది తప్పు.

ఇక రెండో గేరు. క్లచ్ విడవకపోతే ఆ బాధ అన్ని గేర్లలోనూ కనిపిస్తుంది, ఒకటో గేరులో, రివర్స్‌లో మరీ ఎక్కువ. ఒక్క రెండో గేరే మొరాయిస్తుంటే అనుమానించాల్సింది దాని సింక్రో రింగునే. ఊళ్లో తిరిగే బండికి ముందు అరిగేది అదే, ఎందుకంటే ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా మూడు నుంచి రెండుకు దించేస్తుంటాం. దీనికీ తేలికైన పరీక్ష ఉంది. మూడో గేరులో గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళుతూ క్లచ్ తొక్కి న్యూట్రల్ చేయండి. క్లచ్ వదిలి యాక్సిలరేటర్ ఒక్కసారి తట్టండి. మళ్లీ క్లచ్ తొక్కి రెండు వేయండి. ఇలా రెండుసార్లు తొక్కినప్పుడు మెత్తగా పడి, మామూలుగా దించితే కరకరమంటే సింక్రో అరిగినట్టే. దానికి బాక్స్ దించి విప్పాలి.

అక్కడితో ఆగకండి. బండి నిలబెట్టి, న్యూట్రల్‌లో, క్లచ్ వదిలేసి చెవి పెట్టి వినండి. గుయ్యిమనే మోత వస్తూ, క్లచ్ తొక్కగానే ఆగిపోతే అది ఇన్‌పుట్ షాఫ్ట్ (ఇంజన్ నుంచి బాక్స్‌లోకి వచ్చే కడ్డీ) బేరింగు, లోపలి తప్పు. తొక్కినప్పుడే మోత మొదలైతే రిలీజ్ బేరింగు, క్లచ్ సెట్‌తో పాటే వస్తుంది. రోడ్డు మీద నాలుగో గేరులో 40 వేగంతో వెళుతూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఇంజన్ మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్ జారుతోంది. తొక్కినప్పుడు ఒకలా, వదిలినప్పుడు ఇంకోలా ఏ గేరులోనైనా ఊళ వినిపిస్తే డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ బలం పంచే భాగం) వైపు చూడాలి. యాక్సిలరేటర్ వదలగానే గేరు దానంతటదే న్యూట్రల్‌లోకి దూకితే ముందు ఇంజన్, గేర్‌బాక్స్ మౌంటింగులు చూడండి. అవి బాగుంటే లోపలి పళ్లో, గేరుని జరిపే ఫోర్కో అరిగాయి. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టక్‌టక్‌మనడం మాత్రం గేర్‌బాక్స్‌ది కాదు, డ్రైవ్ షాఫ్ట్ చివరి జాయింట్‌ది.

అమ్మేవారు ఒప్పుకుంటే జాకీ మీద కాకుండా ర్యాంపు మీద బండి ఎక్కించి, గేర్ ఆయిల్ గ్లాసుడు తీయించి తెల్లగుడ్డ మీద పోయించండి. డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతం మీద బూడిదరంగు మెత్తటి ముద్ద ఉండటం మామూలే. ఆయిల్‌లో బంగారు రంగు మెరుపులుంటే సింక్రో రింగుల ఇత్తడి అరుగుతోంది. వేలికి గుచ్చుకునే ఇనుప పెళ్లలు వస్తే బేరింగో, పళ్లో రాలుతున్నాయి. ఆ బండి వదిలేయండి. తీసిన ఆయిల్ బదులు తప్పుడు గ్రేడ్ పోయకుండా చూసుకోండి. ఇత్తడి సింక్రోలున్న మాన్యువల్ బాక్సులకు సాధారణంగా జీఎల్-4 ఆయిల్ చెబుతారు. లారీల వెనక ఇరుసుకి పోసే జీఎల్-5 ఆయిల్‌లోని గంధకపు రసాయనాలు ఇత్తడిని తినగలవు. ఓనర్ మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయాలి.

ఇప్పుడు లెక్క. చిన్న కారుకి క్లచ్ ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగు మూడూ కలిపి, కూలితో సహా బయటి గ్యారేజీలో పదివేల అటూఇటూ. సింక్రో కోసం బాక్స్ విప్పితే ఆ రింగు ఒక్కటే మార్చి మూసేయడం తెలివితక్కువ. బేరింగులు, ఆయిల్ సీళ్లు కూడా మార్చాలి, అప్పుడు ఖర్చు రెండు మూడు రెట్లవుతుంది. మీకు తగ్గిస్తున్నది అరవై వేలు. మోతలూ, పెళ్లలూ లేకపోతే క్లచ్, సింక్రో రెండూ చేయించినా మీకు మిగులుతుంది. ఇన్‌పుట్ బేరింగు మోత కూడా ఉంటే ఇంకో ఇరవై వేలు తగ్గించమనండి. ఒప్పుకోకపోతే వదిలేయండి.

ప్ర: నేను చూసిన బండికి గేర్‌బాక్స్ పూర్తిగా పోయింది. ఆటోనగర్‌లో పాత బాక్స్ తెచ్చి వేయిస్తే సరిపోతుందా, ఉన్నదాన్నే ఓవర్‌హాల్ చేయించాలా? – వరంగల్

జ: లోపల ఒక్క గేరు, ఒకటి రెండు బేరింగులు పోతే ఓవర్‌హాల్ మేలు. కేసింగ్ పగిలినా, పళ్లు విరిగి ముక్కలు అన్ని గేర్లలోనూ తిరిగినా పాత బాక్స్ మేలు.

పాత బాక్స్ కొనేటప్పుడు "అదే మోడల్‌ది" అన్న మాట చాలదు. ఒకే కారు పెట్రోల్, డీజిల్ బాక్సుల్లో ఫైనల్ డ్రైవ్ (చక్రాలకు వెళ్లే చివరి గేరు జత) పళ్ల లెక్క వేరుగా ఉండొచ్చు, బిగించే బోల్టుల చోట్లు కూడా మారొచ్చు. మీ బాక్స్ మీదున్న కోడ్, తెచ్చేదాని కోడ్ ఒకటే కావాలి. కొట్టు దగ్గరే ఇన్‌పుట్ షాఫ్ట్ చేత్తో తిప్పుతూ ప్రతి గేరూ వేసి చూడండి. ఎక్కడా పట్టేయకూడదు. షాఫ్ట్ పట్టుకుని పైకీ కిందికీ ఊపితే ఆట బాగా తెలియకూడదు. లోపలి ఆయిల్ వాసన, రంగు చూడండి. పూర్తిగా ఆయిల్ లేకుండా ఎండిపోయి ఉన్నది వద్దు, లోపల తుప్పు పట్టి ఉండొచ్చు. "బిగించాక మోత వస్తే మారుస్తాం" అన్నది బిల్లు మీద, గడువుతో సహా, రాయించుకోండి.

బిగింపులో జరిగే తప్పులే కొత్త బాక్సుని కూడా పాడుచేస్తాయి. రెండు డ్రైవ్ షాఫ్ట్ ఆయిల్ సీళ్లు కొత్తవే వేయాలి. బాక్స్ ఎలాగూ దించారు కాబట్టి క్లచ్ సెట్ సగం అరిగినా మార్చేయండి, కూలి మళ్లీ పడదు. ఇంజన్ వెనక సీల్ కారుతుంటే ఇదే సమయం. క్లచ్ ప్లేట్‌ని మధ్యకు సరిపెట్టే పనిముట్టుతోనే బిగించాలి. బాక్స్ ఎక్కించేటప్పుడు దాని బరువు ఇన్‌పుట్ షాఫ్ట్ మీద వేలాడనివ్వకూడదు, ప్లేట్ మధ్య హబ్ వంగిపోయి క్లచ్ విడవదు. మరో మాట: బోల్టులన్నీ బిగించి, ఆయిల్ పోయడం మరిచి స్టార్ట్ చేసిన బాక్సులు ఉన్నాయి. పోశారో లేదో దగ్గరుండి చూడండి. చాలా బాక్సుల్లో ఫిల్లర్ రంధ్రం అంచు దాకా వచ్చి బయటికి కారడమే సరైన మట్టం.

ప్ర: 2018 ఏఎంటీ (క్లచ్, గేర్లు యంత్రమే చూసుకునే) కారు, తక్కువ కిలోమీటర్లు, మార్కెట్ కన్నా చాలా చవక. "గేరు అప్పుడప్పుడు పడదు, సెన్సర్ మార్చాలి" అంటున్నారు. బండి విజయవాడ సింగ్ నగర్ వైపు నుంచి వచ్చింది. – ఏలూరు

జ: రెండు విషయాలున్నాయి. బండి వచ్చిన చోటు ముందు చూద్దాం.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్ చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అక్కడి ప్రతి బండీ మునిగిందని కాదు, మీ బండి మునగలేదని రుజువు కావాలి. సీట్ బెల్టు పూర్తిగా చివరిదాకా లాగండి. చుట్టలోపల ఉండే భాగం మీద బురద గీత ఉంటే ఇంకేమీ అడగక్కర్లేదు. సీటు పట్టాల తుప్పు, కార్పెట్ కింద ఇసుక, స్టెప్నీ గుంటలో బురద, హెడ్‌లైట్ లోపల నీటి గీత చూడండి. ఏసీ వేయగానే ముక్కిన వాసన వస్తే అదొక గుర్తు. అధీకృత సర్వీస్ సెంటర్‌లో రిజిస్ట్రేషన్ నంబరు చెప్పి, ఓనర్ సమక్షంలో, 2024 సెప్టెంబరు–అక్టోబరులో జరిగిన పని చూపించమనండి. బీమా క్లెయిమ్ ఉంటే ఎంతకో అడగండి.

నీళ్లలో మునిగితే గేర్‌బాక్స్‌కేం అవుతుంది? గాలి ఆడటానికి బాక్స్ పైన చిన్న బ్రీదర్ ఉంటుంది. నీళ్లు దాంట్లోంచి లోపలికి పోతాయి. ఆయిల్ పాలు కలిపిన కాఫీలా మారుతుంది. అలా నడిపితే బేరింగులకు తుప్పు గుంటలు పడి కొన్ని నెలల్లో మోత మొదలవుతుంది. ఆయిల్ మార్చి అమ్మేస్తే కొనేవారికి ఆనవాలు దొరకదు. మాన్యువల్ బండికే ఇంత. ఏఎంటీకి పైన మోటారు, సెన్సర్లు, కంట్రోల్ యూనిట్, వాటి కనెక్టర్లు అన్నీ ఉన్నాయి. కనెక్టర్ల పిన్నులకు పచ్చటి తుప్పు పడితే తప్పు ఒకరోజు వస్తుంది, ఒకరోజు రాదు. "అప్పుడప్పుడు గేరు పడదు" అన్న మాట వింటుంటే మాకు అదే అనుమానం. మునిగిన ఏఎంటీ బండి ఎంత చవకైనా తీసుకోవద్దు.

మునగలేదని తేలితే అప్పుడు గేర్‌బాక్స్ చూడండి. ఏఎంటీ అంటే వేరే జాతి గేర్‌బాక్స్ కాదు. మామూలు మాన్యువల్ బాక్సే, క్లచ్ తొక్కే పని, గేరు మార్చే పని యంత్రానికి అప్పగించారు. మన దేశంలో 2014లో సెలేరియోతో వచ్చింది. మారుతీ, టాటా చిన్న కార్లలో హైడ్రాలిక్ ఒత్తిడితో పనిచేసేది ఎక్కువ. క్విడ్ లాంటి వాటిలో ఎలక్ట్రిక్ మోటార్లు. హైడ్రాలిక్ రకానికి పంపు, ఒత్తిడి నిలవ ఉంచే అక్యుములేటర్, విడిగా ఆయిల్ డబ్బా ఉంటాయి. పొద్దున్నే డ్రైవర్ తలుపు తీయగానే జుయ్యిమని కొద్ది సెకన్లు పంపు తిరిగి ఆగడం మామూలే. బండి ఊరికే నిలబడి ఉండగా, గేర్లు మార్చకుండానే, కొద్ది సెకన్లకోసారి పంపు తిరుగుతుంటే ఒత్తిడి నిలవడం లేదు. అక్యుములేటర్ పోయిందో, ఎక్కడో కారుతోందో. ఆ శబ్దం వినబడకూడదనే కొందరు మీరు వచ్చేసరికే ఇంజన్ స్టార్ట్ చేసి, పాటలు పెట్టి ఉంచుతారు. చల్లగా ఉన్న బండినే చూస్తామని ముందే చెప్పండి.

క్లచ్ ఎంత అరిగిందో స్కానర్‌లో (కారు కంప్యూటర్‌కు తగిలించి చదివే పరికరం) అంచనా వస్తుంది, ఆ రీడింగు అడగండి. ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్‌లో బ్రేకుకి బదులు యాక్సిలరేటర్‌తో బండి నిలబెట్టేవారి చేతుల్లో ఏఎంటీ క్లచ్ తొందరగా అయిపోతుంది. మార్చాక కొత్త క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో స్కానర్‌తో కంట్రోల్ యూనిట్‌కి నేర్పించాలి, లేకపోతే కొత్త ప్లేట్ వేసినా కుదుపు పోదు. ఆ పరికరం లేని గ్యారేజీలో ఏఎంటీ క్లచ్ వేయించవద్దు.

ప్ర: డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) గేర్‌బాక్స్ ఉన్న ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లు ఏడెనిమిదేళ్లవి ఇంత తక్కువకి ఎందుకు దొరుకుతున్నాయి? ఒకటి కొనాలని ఉంది. – హైదరాబాద్

జ: నడపడానికి అవి చాలా బాగుంటాయి. ధర పడిపోవడానికి కారణం, వారంటీ అయిపోయాక ఒక్క భాగం పోతే వచ్చే బిల్లు.

ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ, వెంటో, స్కోడా ర్యాపిడ్, ఆక్టేవియా 1.8 టీఎస్‌ఐ లాంటి వాటిలో ఉన్నది డీక్యూ200 అనే ఏడు గేర్ల బాక్స్. దానికి ఆయిల్‌లో మునగని పొడి క్లచ్‌లు రెండు. ఒకదాని మీద 1, 3, 5, 7 గేర్లు, రెండోదాని మీద 2, 4, 6, రివర్స్. ఇది తెలిస్తే రోడ్డు మీదే సగం రోగం పట్టుకోవచ్చు. సరి గేర్లూ రివర్సూ ఒకేసారి మాయమైతే రెండో క్లచ్ వైపు, బేసి గేర్లు మాయమైతే మొదటి క్లచ్ వైపు తప్పుంది. ఒకటి నుంచి రెండుకు మారేటప్పుడు, వేడెక్కాక, బండి వణికితే క్లచ్ ప్యాక్. నడుస్తూ నడుస్తూ డ్యాష్‌బోర్డు మీద గేరు గుర్తులు మెరిసి, లాగుడు పూర్తిగా పోతే మెకట్రానిక్ యూనిట్‌ని అనుమానించాలి. కంట్రోల్ బోర్డు, పంపు, వాల్వులు అన్నీ కలిసిన భాగమది. దాని కేసింగ్‌లో అక్యుములేటర్ బిగించే చోట పగులు వచ్చి ఒత్తిడి పడిపోవడం ఈ బాక్స్‌కు బాగా తెలిసిన జబ్బు. స్కానర్‌లో పీ17బీఎఫ్ కోడ్ కనిపిస్తుంది. షోరూమ్‌లో యూనిట్ మొత్తం మారిస్తే లక్షన్నర పైమాటే. పెద్ద నగరాల్లో కేసింగ్ మాత్రమే మార్చి బాగుచేసేవాళ్లున్నారు, ఖర్చు బాగా తగ్గుతుంది. కానీ పని చేసినవారు రాతపూర్వకంగా వారంటీ ఇస్తేనే వెళ్లండి.

స్కోడా లారా, సూపర్బ్ డీజిల్ లాంటి వాటిలో ఉండే ఆరు గేర్ల డీక్యూ250లో క్లచ్‌లు ఆయిల్‌లో మునిగి ఉంటాయి. బండి పాతదైనా ఇది కొంత గట్టిది, ప్రతి 60 వేల కిలోమీటర్లకూ ఆయిల్, ఫిల్టర్ మార్చిన రసీదులుంటేనే. రసీదు లేకపోతే మార్చలేదనే లెక్క.

నడిపి చూడటం పది నిమిషాలు కాదు. రాత్రంతా నిలిపిన బండిని పొద్దున మొదట స్టార్ట్ చేసినప్పుడు ఒకసారి, అమీర్‌పేట లాంటి ట్రాఫిక్‌లో ముప్పావు గంట నడిపాక ఇంకోసారి చూడండి. ఆ వేడి మీద అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు మీదికి రివర్స్‌లో మెల్లగా ఎక్కించండి. వణుకు దాక్కోలేని చోటు అదే. అది కూడా నెగ్గి, స్కాన్‌లో కోడ్‌లు లేకపోయినా, ఒక లక్షన్నర విడిగా పెట్టుకోగలిగితేనే కొనండి. ఆ డబ్బు లేకుండా కొంటే, పోయిన రోజు కారు ఇంటి ముందు నిలబడిపోతుంది.

ఇదే వరుసలో ఫోర్డ్ ఎకోస్పోర్ట్ పాత పెట్రోల్ ఆటోమేటిక్ కూడా వస్తుంది. 2013 నుంచి 2017 దాకా వచ్చినవాటిలో రెండు పొడి క్లచ్‌ల పవర్‌షిఫ్ట్ బాక్స్. 2017 చివర్లో వచ్చిన కొత్త ఇంజన్ రకంలో టార్క్ కన్వర్టర్ (ఇంజన్ బలాన్ని ఆయిల్ ద్వారా అందించే భాగం) ఆటోమేటిక్ పెట్టారు. ఎకోస్పోర్ట్ ఆటోమేటిక్ కావాలంటే ఆ రెండో రకమే వెతకండి. ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది కాబట్టి, కొనేముందు ఆ బాక్స్ విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో అడిగి తెలుసుకోండి.

ప్ర: పాత ఆటోమేటిక్ సెడాన్. డీ లో పెడితే రెండు మూడు సెకన్లు ఆలోచించి ఒక్క కుదుపుతో కదులుతుంది. ఆయిల్ మారిస్తే పోతుందంటున్నారు. – రాజమహేంద్రవరం

జ: పోవచ్చు, పోకపోవచ్చు. కొనేముందే ఆయిల్ చూస్తే తేలుతుంది.

సెకను లోపు ఆలస్యం మామూలే. పొద్దున చల్లగా ఉన్నప్పుడు రెండు సెకన్లు దాటితే ఆయిల్ తగ్గిందనో, ఫిల్టర్ మూసుకుందనో, లోపలి రబ్బరు సీళ్లు గట్టిపడి ఒత్తిడి నిలవడం లేదనో అర్థం. మొదటి రెండూ చవక. మూడోది కాదు.

గేజ్ కర్ర ఉన్న బాక్సుల్లో, చాలావాటికి ఇంజన్ వేడెక్కాక, సమతల నేల మీద, బ్రేకు తొక్కి అన్ని పొజిషన్లూ తిప్పి, పీ లో పెట్టి, ఇంజన్ నడుస్తుండగానే చూడాలి. పాత హోండా ఆటోమేటిక్‌లలో మాత్రం వేడి ఇంజన్ ఆపి నిమిషం, నిమిషమున్నర లోపు చూడాలి. కొత్త కార్లలో చాలావాటికి కర్రే ఉండదు, కింద ప్లగ్ విప్పి చూడటమే. ఆయిల్ ఎర్రగా, తేటగా ఉంటే మంచిది. ఇటుకరంగు తిరిగినా మాడు వాసన లేకపోతే మార్చితే ఫలితం ఉండొచ్చు. నల్లగా, మాడిన వాసనతో ఉంటే లోపలి క్లచ్‌లు కాలిపోయాయి. ఎన్ని లీటర్లు పోసినా అవి తిరిగి రావు.

ఒకసారి ప్లగ్ విప్పితే పాత ఆయిల్‌లో సగమే దిగుతుంది, మిగతాది టార్క్ కన్వర్టర్‌లో ఉండిపోతుంది. అందుకే తీసి పోయడం, రెండు మూడొందల కిలోమీటర్లు నడిపి మళ్లీ తీసి పోయడం, ఇలా రెండు మూడుసార్లు చేయాలి. యంత్రం పెట్టి ఒక్కసారిగా కడిగేయడం లక్ష కిలోమీటర్లు దాటిన, ఎప్పుడూ ఆయిల్ మార్చని బాక్స్‌కు మేం చెప్పం. అడుగున పేరుకున్న మడ్డి కదిలి వాల్వుల్లో ఇరుక్కుంటుంది.

మీది సీవీటీ (విడి గేర్లకు బదులు బెల్టు, పుల్లీలతో నడిచే ఆటోమేటిక్) అయితే లెక్క మారుతుంది. 2000 దశకంలో వచ్చిన హోండా సిటీ సీవీటీలో టార్క్ కన్వర్టర్ లేదు, బండి కదలడానికి స్టార్ట్ క్లచ్ ఉంటుంది. కదిలేటప్పుడు వణకడం దానికి అలవాటైన రోగం, సరైన హోండా సీవీటీ ఆయిల్ మార్చి క్లచ్‌ని సరిచేస్తే చాలా బళ్లు కుదుటపడతాయి. ఆ బాక్స్‌లో మామూలు ఆటోమేటిక్ ఆయిల్ పోసినవారెవరైనా ఉంటే మాత్రం ఆశ వదులుకోవాలి. సీవీటీలో ఇనుప బెల్టు పుల్లీల మధ్య జారకుండా పట్టుకోవాలి, ఆ పట్టు ఇచ్చేది ఆ ఆయిలే.

రివర్స్ పూర్తిగా పోయినా, ఒక గేరులో ఇంజన్ ఊరికే రేగినా ఆయిల్ మాట వినకండి.

ప్ర: డల్లాస్‌లో ఎంఎస్ చదువుతున్నాను. 2014 నిస్సాన్ ఆల్టిమా, 1,28,000 మైళ్లు, 4,200 డాలర్లు. రూమ్మేట్స్ తీసుకోమంటున్నారు. నడిపితే బాగానే ఉంది. – టెక్సస్ నుంచి ఓ విద్యార్థి

జ: మా సలహా: వద్దు. తప్పదనుకుంటే కింది పరీక్షలు చేశాకే.

ఆ కారులో ఉన్నది జాట్కో అనే కంపెనీ సీవీటీ. వణుకు, వేడికి లాగుడు తగ్గడం గురించి ఫిర్యాదులు ఎక్కువై, కోర్టు సెటిల్‌మెంట్‌లో 2013–16 ఆల్టిమాలకు ట్రాన్స్‌మిషన్ వారంటీని 84 నెలలు లేదా 84,000 మైళ్లకు పెంచారు. మీరు చూసినదానికి ఆ రెండూ దాటిపోయాయి. బాక్స్ మారిస్తే నాలుగైదు వేల డాలర్లు, అంటే కారు ధరంత. ఈ బళ్లు పది నిమిషాలు బాగానే నడుస్తాయి. టెక్సస్ ఎండలో హైవే మీద ముప్పావు గంట నడిపి, వెంటనే హైవే నుంచి మామూలు రోడ్డు మీదికి వచ్చి 20 నుంచి 40 మైళ్ల వేగం మధ్య యాక్సిలరేటర్ మెల్లగా తొక్కండి. సన్నటి వణుకు, ఆర్‌పీఎం పైకీ కిందికీ ఊగడం, సైరన్ లాంటి ఊళ, ఏది వచ్చినా దిగి తాళం ఇచ్చేయండి.

ఇరవై డాలర్ల ఓబీడీ రీడర్ (కారు కంప్యూటర్‌లోని తప్పుల కోడ్‌లు చదివే చిన్న పరికరం) కొనుక్కోండి. కోడ్‌లు లేకపోవడం చాలదు, మానిటర్లు (కారు తనకు తాను చేసుకునే పరీక్షలు) సిద్ధంగా ఉన్నాయో లేదో చూడండి. చాలా మానిటర్లు "నాట్ రెడీ" అని చూపిస్తే ఈమధ్యే ఎవరో కోడ్‌లు చెరిపేశారు లేదా బ్యాటరీ తీశారు. ఎన్‌ఎస్-3 సీవీటీ ఆయిల్ మార్చిన రసీదులు అడగండి. వంద నుంచి రెండు వందల డాలర్లకు మెకానిక్ వచ్చి లిఫ్ట్ మీద చూసి చెబుతారు, అది పెట్టండి.

అదే డబ్బుకి, కాస్త పాతదైనా, 2013 లోపు టయోటా కరోలా, 2013 లోపు హోండా సివిక్ ఆటోమేటిక్ వెతకండి, రెండూ సీవీటీలు కావు. కామ్రీ కూడా మంచిదే. 2012–16 ఫోర్డ్ ఫోకస్, 2011–16 ఫియస్టా ఆటోమేటిక్‌లు ఎంత చవకగా కనిపించినా వద్దు, పైన చెప్పిన పవర్‌షిఫ్ట్ పొడి క్లచ్‌ల బాక్సే వాటిలోనూ.

కాగితాల సంగతి. టైటిల్ (యాజమాన్య పత్రం) క్లీన్ అయి ఉండాలి, సాల్వేజ్ (బాగా దెబ్బతిన్న బండి) లేదా రీబిల్ట్ (దాన్ని బాగుచేసినది) అయితే ధర బాగా తగ్గాలి. విన్ నంబరుతో (బండి గుర్తింపు నంబరు) అక్కడి రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో రీకాల్స్ (లోపాలకు కంపెనీ వెనక్కి పిలిచినవి) ఉచితంగా చూడొచ్చు. "యాజ్ ఈజ్" (ఉన్నది ఉన్నట్టుగా) అని సంతకం పెడితే మర్నాడు బాక్స్ పోయినా బాధ్యత మీదే. అమ్మేవారు టైటిల్ మీదా, టైటిల్ మార్పు అర్జీ అయిన 130-యూ ఫారం మీదా సంతకం చేశాకే డబ్బు ఇవ్వండి. 30 రోజుల్లో కౌంటీ ట్యాక్స్ ఆఫీసులో టైటిల్ మీ పేరుకు మార్పించాలి. ప్రైవేటు అమ్మకంలో పన్ను 6.25 శాతం, అదీ మీరు కొన్న ధర మీదో, రాష్ట్రం అంచనా విలువలో 80 శాతం మీదో, ఏది ఎక్కువైతే దాని మీద. చవకగా కొన్నా పన్ను చవక కాకపోవచ్చు.

ప్ర: గేర్‌బాక్స్ మోత తగ్గించే సీసా మందులు పనిచేస్తాయా? – కరీంనగర్

జ: అరిగిన ఇనుము తిరిగి రాదు. అమ్మేవారు మోత దాచడానికి వీటినీ, మరీ చిక్కటి ఆయిల్‌నూ పోస్తారు. పొద్దున చలిగా ఉన్నప్పుడు గేర్లు మరీ బిగుతుగా పడి, అరగంట తిరిగాక మోత బయటపడితే అదే జరిగింది. ఆటోమేటిక్‌లో, సీవీటీలో ఏ సీసా మందూ పోయొద్దు.

ప్ర: బాక్స్ పాడైందని తెలిసే కొంటున్నాను. కాగితాల్లో ఏం చూసుకోవాలి? బండి మా ఊరికి ఎలా తేవాలి? – కర్నూలు

జ: యాజమాన్యం మార్చే ఫారం 29, 30ల మీద అమ్మేవారి సంతకాలు, ఆధార్ నకలు. బ్యాంకు అప్పు ఉంటే దాన్ని ఆర్సీ నుంచి తీయించే ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం). తెలంగాణ బండి ఆంధ్రకు తెస్తుంటే ఆర్టీవో ఎన్‌ఓసీ కూడా, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ ఎంతో ముందే కనుక్కోండి. పెండింగ్ చలాన్లు కట్టించండి. కొన్న 14 రోజుల్లో ఆర్సీతో పాటు బీమా కూడా మీ పేరుకు మార్చడానికి అర్జీ పెట్టండి. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు. ఒప్పందంలో కిలోమీటర్ల రీడింగు, గేర్‌బాక్స్ తప్పు ఏమిటో, అప్పగించిన తేదీ, సమయం రాయించండి. సమయం ఎందుకంటే, ఆ తర్వాత ప్రమాదం జరిగినా, చలాను వచ్చినా అప్పటికి బండి ఎవరి చేతిలో ఉందో చూపించడానికి అదొక ఆధారం.

కదలని బండిని నడిపి చూడలేరు కాబట్టి, మాన్యువల్ అయినా లోపలి తప్పే అనుకుని ధర కట్టండి. బాగున్న బండి ధరలోంచి పాత బాక్స్, క్లచ్ సెట్, కూలి, లారీ కిరాయి తీసేయండి. ఇంజన్ మాత్రం స్టార్ట్ చేయించి వినండి. అది కూడా స్టార్ట్ కాదంటే ఆ బేరం వేరే.

తెచ్చేటప్పుడు ఫ్లాట్‌బెడ్ లారీ మీదే తెండి. ఆటోమేటిక్ బండిని, నడిచే చక్రాలు (ఇంజన్ తిప్పేవి) నేల మీద ఉండగా తాడు కట్టి లాగితే, ఇంజన్ ఆగి ఉండటం వల్ల పంపు తిరగదు, ఆయిల్ అందక బాగున్న భాగాలు కూడా కాలిపోతాయి. ముందు చక్రాలు నడిచే మాన్యువల్ బండి అయితే ముందు చక్రాలు పైకెత్తి, హ్యాండ్‌బ్రేక్ వదిలి లాగొచ్చు. గేర్‌బాక్స్ బిగుసుకుపోయి ముందు చక్రాలు తిరగకపోతే ఫ్లాట్‌బెడ్ మీదికి కూడా ఈడ్చి ఎక్కించనివ్వకండి. చక్రాల కింద రోలర్ స్కేట్లు పెట్టి ఎక్కించమనండి, లేకపోతే బాక్స్‌తో పాటు డ్రైవ్ షాఫ్ట్‌లు కూడా కొనాల్సి వస్తుంది.